లెక్కకు రాని చెయ్యి

యాకుత్‌పురా, హైదరాబాదు
16 సెప్టెంబరు 1945, ఆదివారం

చిరంజీవి విజయలక్ష్మికి మీ బాపు మనసార దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అవ్వ, ఆలుమగలిద్దరం పానంతోటి మంచిగనే ఉన్నం. అక్కడ నువ్వు సుత గట్లనే ఉన్నవని తలుస్తున్న. ఉత్త "క్షేమం" అని రాసి ఊకుంటే అబద్ధమైతది, అందుకే పానంతోటి అని రాసిన. మనసుల మాత్రం నెల పదిహేను దినాల సంది నిప్పులు పోసినట్టున్నది.

నీ ఉత్తరం మొన్న గురువారం, జుమ్మేరాత్ నాడు అందింది. మీ అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగినవ్. తగ్గలే, గాని ఆమె ఒప్పుకోదు. నువ్వు చెప్పిన తైలం రాసుకోమంటే, నర్సు పిల్ల మాట వినాల్నా అని నవ్వుతది, అటెనుక రాసుకుంటది. నా చిగుళ్లు చూసుకోమని రాసినవ్. అద్దం ముంగట నిలవడి పెదివి లేపి చూసుకున్న. నువ్వు రాసినట్టే పండ్ల మొదట్ల సన్నగ నీలం గీత ఉన్నది. ఇరవై రెండేండ్లు సీసం అక్షరాలు ఏరిన చేతితోటే రొట్టె తింటి, ఉండక ఏమైతది. ఇప్పుడు సబ్బు పెట్టి కడుక్కున్నంకనే తింటున్న. ఫికర్ చెయ్యకు.

ఇగ నువ్వు రెండు ఉత్తరాలల్ల అడిగిన సంగతి. అంజుమన్ ఎలక్షన్ ఏమైంది, దస్తగీర్ మామ గెలిచిండా అని. రెండు సార్లు దాటేసిన. ఈసారి దాటెయ్య. నీకు కొంత ఎరుకే గాని మొదటి సంది చెప్త, లేకుంటే నా కోపం నీకు సమజ్ కాదు.

మా ఛత్తాబజార్ ప్రెస్సుల పని చేసేటోళ్లం కలిసి పెట్టుకున్నదే ఈ అంజుమన్. యాభై ముగ్గురం. ఏడాదికి ఒకసారి సదర్‌ను ఎన్నుకుంటం. మా అందరి తరఫున ప్రెస్సు యజమాని మాలిక్ ముంగట నిలవడి మాట్లాడేది ఆ సదర్ ఒక్కడే. పేరుకు యాభై ముగ్గురమైనా పార్టీలు మాత్రం రెండే. మీది అంతస్తుల ఉర్దూ కితాబులు చేతితోటి రాసే కాతిబులు, వాళ్ల పెద్ద అబ్దుల్ వాహెద్ సాబ్. కింద మిషిన్లు నడిపేటోళ్లు, వాళ్ల పెద్ద ఫోర్‌మన్ పురుషోత్తం. ఒక ఏడు వీళ్లు గెలుస్తరు, మర్ల ఏడు వాళ్లు. మాసోంటి అక్షరాలు పేర్చే కంపోజిటర్లు, కితాబులకు అట్ట జిల్దులు కట్టేటోళ్లు, ఫారాలు మడిచేటోళ్లు ఎటో ఒక పక్కకు ఒదగాలె.

వాహెద్ సాబ్ సదర్ అయిన మొదటి ఏడు కాతిబుల కమ్రల పంకా పెట్టిచ్చిండు. రెండో ఏడు పురుషోత్తం గెలిచిండు, ఆ పంకా పీకి మిషిన్ల కమ్రల పెట్టిచ్చిండు. మూడో ఏడు అది మళ్ల మీదికి పోయింది. నాలుగో ఏడు మళ్ల కిందికి దిగింది. నాలుగేండ్లల మా అంజుమన్ చేసిన ఘనకార్యం ఒక్క పంకాను మెట్లు ఎక్కిచ్చుడు, దించుడు.

ఎనక రేకుల కొట్టం ఉన్నది గదా, అచ్చయిన ఫారాలు మడిచే ఆడోళ్లు కూసునేది. పదకొండు మంది. ఆ కొట్టంల్నే ఒక మూలకు భట్టీ, అరిగిన అక్షరాలు కరిగిచ్చి మళ్ల పోత పోసేటిది. కిటికీ లేదు. సీసం పొగ పొద్దంత వాళ్ల ముక్కులల్లకే. పోయిన ఎండాకాలం కొమురమ్మ కుడిచెయ్యి మణికట్టు కాడ వాలిపోయింది. భుజం లేస్తది, మోచెయ్యి లేస్తది, పంజ మాత్రం తడిసిన గుడ్డ లెక్క కిందికి యాలాడుతది. ఇది సీసం చేసిన పని అని దవాఖానల డాక్టరు చెప్పిండు. నీకు రాస్తే నువ్వు సుత గదే రాసినవ్. పదేండ్లు ఫారాలు మడిచిన మనిషి ఇప్పుడు ఎడమచెయ్యితోటి మడుస్తున్నది, సగం పని గూడ కాదు.

నీ బడి కితాబులకు జిల్దులు కట్టిచ్చిన దస్తగీర్ మామే భట్టీ సంగతి ఎత్తుకున్నడు. ముందు మీదికి పోయి వాహెద్ సాబ్‌ను అడిగిండు. "కింది సంగతి కిందోళ్లను అడుగు భాయ్" అన్నడాయన. కిందికి దిగి పురుషోత్తంను అడిగిండు. "భట్టీ జరిపితే వారం దినాలు పని ఆగుతది, మాలిక్ కోపానికొస్తడు" అన్నడు. మనిషి చెయ్యి పడిపోతే ఆగని పని, భట్టీ జరిపితే ఆగుతదట.

అప్పుడు నేనే దస్తగీర్‌తోటి అన్న, నువ్వు సదర్‌కు నిలవడు అని.

"నాకెవలు ఏస్తరు రామలింగన్నా? నా ఎనక పార్టీ లేదు, ఏం లేదు" అన్నడు.

"నేనున్న గదా" అన్న.

అదే దినాలల్ల నీ ఉత్తరం అచ్చింది. మీ నర్సుల హాస్టల్ల వంటింటి పెద్దను ఎన్నుకునేటప్పుడు అరవ పిల్లలు ఒక దిక్కు, మలయాళం పిల్లలు ఒక దిక్కు అయ్యి ఏడాదేడాది లొల్లి చేస్తుంటే, మీ మేట్రనమ్మ ఓటు ఏసే పద్ధతి, కొత్త తరీఖ నేర్పిందని రాసినవ్. ఒక్కరికే ఓటు కాదు, పేర్లన్నిటికి ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు ఎయ్యాలె. మొదటి నంబర్లు సగానికి మించి ఎవలకూ రాకుంటే, అందరికన్న తక్కువ అచ్చినోళ్లను తీసేసి, ఆ చీటీల మీద రెండో నంబరు ఎవలకుంటే వాళ్లకు కలపాలె. ఎవల ఓటూ గంగల కలవదు, భయపడి మనసుకు నచ్చనోళ్లకు ఏసే గతి ఎవలకూ పట్టది. ఆ ఉత్తరం నేను ఏడెనిమిది సార్లు చదివిన. ఇంత సీదా మాట ఇన్నేండ్లు మాకెందుకు తోచలేదా అని నాకే సిగ్గనిపిచ్చింది.

ఆగస్టు మూడు శుక్రవారం, జుమ్మా నాడు ఎలక్షన్. నమాజ్ అయినంక అందరం మిషిన్ల కమ్రల కూసున్నం. లేచి నీ తరీఖ చెప్పిన. నా మాట సగం గూడ కాలే. పురుషోత్తం నవ్విండు. "చెయ్యి లేపెడు పనికి లెక్కల పరీక్ష ఎందుకు పెడుతున్నవ్ రామలింగయ్యా" అన్నడు. వాహెద్ సాబ్ తల ఊపిండు. "ఫోర్‌మన్ సాబ్ మాట సహీ. చెయ్యి లేపుడే మన ఖాయిదా." నాలుగేండ్లల వాళ్లిద్దరు ఒక్క మాట మీద నిలవడుడు అదే మొదలు. వరుస నంబర్లు వస్తే ఇద్దరి కుర్చీకీ చేటని ఇద్దరికీ ఎరుక. ఒకనికొకడు దుష్మన్ అని మేమనుకుంటం గాని, ఒకడు లేకుంటే ఒకడు బతకడు బిడ్డా. "వాడొస్తడు జాగ్రత్త" అని మమ్మల్ని బెదిరిచ్చేటందుకు వాడు ఉండాలె గదా.

ఇది మా ప్రెస్సు రోగమే అనుకునేవు. ఇంగ్లీషోళ్ల విలాయత్ ఎలక్షన్ ఖబర్ నేనే కంపోజ్ చేసిన. గెలిచిన పార్టీకి సగం ఓట్లు గూడ పడలే, కుర్చీలు మాత్రం సగానికి మించి అచ్చినయ్. నూటికి తొమ్మిది మంది అడిగిన మూడో పార్టీకి ఆరునూర్ల నలభై కుర్చీలల్ల పన్నెండే. అంత పెద్ద దేశంల గూడ గిదే తమాషా. మన హైదరాబాదు రియాసత్ సంగతి రాయ, ఈ ఉత్తరం నీ కన్న ముందు ఎవలన్న ఇప్పి చదువుతరేమో.

చేతులు లేపిన్రు. వాహెద్ సాబ్‌కు ఇరవై రెండు. పురుషోత్తంకు ఇరవై. దస్తగీర్ పేరు సదివినప్పుడు చేతులు లెక్కపెట్టేటోడు పురుషోత్తం మనిషి. పది చేతుల దాంక లెక్కపెట్టి ఎనక వరుసల కొమురమ్మ ముంగట ఆగిండు. ఆమె చెయ్యి లేపింది. పంజ కిందికి యాలాడుతున్నది.

"ఇది లేపినట్టా, దించినట్టా?" అన్నడు వాడు.

నలుగురు నవ్విన్రు. కొమురమ్మ ఎడమచెయ్యితోటి ఆ వాలిన పంజను పట్టుకోని మీదికి ఎత్తి నిలబెట్టింది.

"ఇప్పుడు రెండు చేతులు లేపింది. రెండు ఓట్లు చెల్లయ్" అన్నడు. సదర్ కుర్చీల ఉన్న పురుషోత్తంను చూసిండు. పురుషోత్తం "ఇడిసిపెట్టు, పది రాసుకో" అన్నడు. వాహెద్ సాబ్ తన జేబు గడియారం చూసుకుంటున్నడు.

ఆమె ఒక్క చెయ్యితోటి గెలుపు మారకపోవు, ఒప్పుకుంట. గాని ఏ చెయ్యి బాగు కోసం మనిషి నిలవడ్డడో, ఆ చెయ్యినే లెక్కల్నుంచి తీసేసిన్రు.  వాహెద్ సాబ్‌ను ఇరవై రెండు మంది కావాలన్నరు, ముప్పై ఒక్క మంది వద్దన్నరు, వద్దన్నోడు మా సదర్. వారం తిరగకముందే పంకా మెట్లు ఎక్కింది.

నాకు పదిహేను దినాలు తిండి సయించలే. అటెనుక ఒక పని చేసిన. మధ్యాన్నం బువ్వ తినే టైముల, చెత్తల పారేసే కాయిదం ముక్కల మీద యాభై ముగ్గురికి చీటీలు అచ్చేసిన. చదువు రానోళ్లు ఉన్నరు గదా, అందుకే పేర్లు పెట్టకుండ పాత బ్లాకులు ఏరి బొమ్మలు పెట్టిన. వాహెద్ సాబ్‌కు కలం, పురుషోత్తంకు చక్రం, దస్తగీర్‌కు కితాబు. నంబర్లు రానోళ్లు చుక్కలు పెట్టాలె. బాగ ఇష్టమైన బొమ్మకు ఒక చుక్క, తర్వాత దానికి రెండు, ఆఖరు దానికి మూడు. ఇది అసలు ఎలక్షన్ కాదు, ఎవల మనసు ఏందో చూసుకుందాం అని అందరికి చెప్పిన. చెప్పంగనే ఒప్పుకున్నరు. చూసేటోడు లేకుంటే మనిషి ఎంత సులువుగ మనసు ఇప్పుతడో ఆ దినం చూసిన. ఆడోళ్లు గోడ దిక్కు తిరిగి ఒక్కొక్క చుక్క ఎంత పైలంగ పెట్టిన్రో, బిడ్డకు కాటుక పెట్టినట్టు. కొమురమ్మ ఎడమచెయ్యితోటి పెట్టింది. చీటీలన్ని దస్తగీర్ జిగురు డబ్బా కడిగి అండ్ల ఏసినం. ఇద్దరు పెద్దలు సుత ఏసిన్రు, గెలుస్తమనే ధీమాతోటి.

అందరి ముంగట లెక్కపెట్టినం. మొదటి చుక్కలు కితాబుకు ఇరవై ఒకటి, కలానికి పందొమ్మిది, చక్రానికి పదమూడు. సగం దాటాలంటే ఇరవై ఏడు కావాలె, ఎవలకూ రాలే. చక్రం తీసేసి ఆ పదమూడు చీటీల మీద రెండు చుక్కలు చూసినం. పది కితాబుకు, మూడు కలానికి. దస్తగీర్‌కు ముప్పై ఒకటి, వాహెద్ సాబ్‌కు ఇరవై రెండు.  దస్తగీర్ "మళ్లొక్కసారి లెక్కపెట్టున్రి" అన్నడు. మళ్ల గంతనే అచ్చింది.

చేతులు లేపిన్నాడు దస్తగీర్‌కు కొమురమ్మతోటి కలిపి పదకొండు. చీటీలల్ల మొదటి చుక్కలే ఇరవై ఒకటి. మరి ఆ పది మంది ఆ దినం ఎక్కడ దాగిన్రు అని నాకు కోపం. ఇంటికొచ్చి మీ అవ్వ ముంగట ఆ పది మందిని నోటికొచ్చినట్టు తిట్టిన. పిరికోళ్లన్న, వెన్నెముక లేనోళ్లన్న. ఆమె చేటల బియ్యం ఏరుకుంట విన్నది, ఏమనలే.

మర్నాడు వాహెద్ సాబ్, పురుషోత్తం కలిసి మాలిక్ కాడికి పోయిన్రు. నాలుగేండ్ల సంది ఒకని నీడ ఒకడు తొక్కనోళ్లు, భుజం భుజం రాసుకుంట పోయిన్రు. ప్రెస్సు మిషిన్ల మీద ఇజాజత్ లేకుండ చీటీలు అచ్చేసిండని నా మీద ఫిర్యాదు. మాలిక్ నన్ను అక్షరాలు పెట్టే కేసుల కాడి నుంచి తీసి, కొట్టంల భట్టీ పక్కన అరిగిన అక్షరాలు ఏరే పనికి ఏసిండు. ఇరవై రెండేండ్ల కంపోజిటర్‌ను. నీకు ఈ ముక్క ఇన్ని దినాలు రాయలే, ఫికర్ చేస్తవని.

గాని వాళ్లు ఒకటి మర్సిన్రు. చీటీలు చెల్లవని అనొచ్చు, చూసింది చూడనట్టు చెయ్యలేరు. దస్తగీర్ అందరిని జమ చేసి అన్నడు, "సదర్ కుర్చీ వాళ్లనే ఉంచుకోనియ్యున్రి. ముప్పై ఒక్క మందిమి ఉన్నమని మనకు ఎరుకైంది, అది చాలు." ఒక పొద్దుగాల పని మొదలుకాక ముందు ముప్పై ఒక్క మంది మాలిక్ ఉండే దేవిడి ముంగట నిలవడ్డం. లొల్లి చెయ్యలే, నినాదం ఇయ్యలే. దస్తగీర్ మాట్లాడిండు. కొమురమ్మ చెయ్యి చూపెట్టింది. మాలిక్ ఆ చెయ్యి దిక్కు, మా ముప్పై ఒక్క మంది దిక్కు చూసి సరే అన్నడు. రంజాన్ పండుగ అయిపోంగనే భట్టీని బయట వాకిట్లకు జరిపిన్రు, కొట్టం గోడకు రెండు కిటికీలు కొట్టిన్రు. పని ఆగింది ఒకటిన్నర దినం.

సంతోషపడకు, ఇంక ఉన్నది. తెల్లారి మెట్ల కాడ రెండు నోటీసులు. ఒకటి ఉర్దూల, అందమైన దస్తూరీ, సదర్ సాబ్ కృషితోటి భట్టీ జరిగిందని. ఇంకొకటి తెలుగుల, ఫోర్‌మన్ గారి పట్టుదలతోటి భట్టీ జరిగిందని. దస్తగీర్ పేరు ఎండ్ల లేదు. కొమురమ్మ పేరు ఎండ్ల లేదు. ఆమె చెయ్యి గూడ ఇంక లేవలే. వచ్చే ఏడు మళ్ల ఇద్దరు చేతులు లేపమనే అంటరు, మళ్ల పంకా దిగుతది. అందుకే దస్తగీర్ సంతకాలు, వేలిముద్రలు జమ చేసి మీటింగ్ అడిగిండు. వచ్చే జుమ్మా నాడు, ఇరవై ఒకటో తారీఖున. ఇగ నుంచి చీటీలతోటి, వరుస నంబర్లతోటే ఎన్నుకోవాలె అన్నదొక్కటే మాట. నెగ్గుతదో లేదో చెప్పలేను, సదర్ కుర్చీల వాహెద్ సాబ్ ఉంటడు.

ఇప్పుడు బిడ్డా, ఇంత సేపు ఎవల మీదనో కోపం రాసిన. అసలు రాయాల్సింది ఇంక రాయలే. నువ్వు అడిగినవ్, దస్తగీర్ మామకు ఎవలెవలు చెయ్యి లేపిన్రు బాపు, నీ పక్కన ఎవలు అని.

నేను లేపలే.

ఆ పది మందిల ఒకణ్ని నేను. నిలవడుమని చెప్పిన నోరు నాదే, చెయ్యి పురుషోత్తంకు లేపిన. దస్తగీర్ ఎట్లన్న గెలవడు, నా ఓటు గంగల పడుతది, వాహెద్ సాబ్ గెలిస్తే కింద ఉన్నోళ్లకు దిక్కుండదు, ఇద్దరిల కింది మనిషి నయం అని అప్పుడు నాకు నేను చెప్పుకున్న. అది సగం నిజం. మిగిలిన సగం ఏందంటే, తన పేరు పిలిచినప్పుడు ఫోర్‌మన్ నా కండ్లల్లకు చూసిండు. రేపు ఏ కేసు కాడ నన్ను నిలబెట్టాల్నో చెప్పేటోడు ఆయనే. నా చెయ్యి దానంతట అదే లేచినట్టు లేచింది. దస్తగీర్ ముంగట వరుసల ఉన్నడు, ఎనకకు తిరిగి చూడలే. తరీఖ తప్పుడుది, నిజమే. భయపెట్టి అబద్ధం ఆడిపిచ్చే తరీఖ అది. గాని అబద్ధం ఆడింది నేను. మీ అవ్వకు ఎలక్షన్ దినం సాయంత్రమే చెప్పిన, అందుకే నేను పది మందిని తిడుతుంటే ఆమె ఏమనలే.

మొన్న శుక్రవారం దస్తగీర్ ఇంటికి పోయి చెప్పిన.  జిల్దుకు దారం గుచ్చుతున్న సూది ఆగిపోయింది. "చీటీలు అందుకే అచ్చేసినవా అన్నా?" అన్నడు. అవునన్న. "అయితే మంచి పనే చేసినవ్, చెడ్డ పని చేసినంక" అన్నడు. ఛాయ్ తెప్పిచ్చిండు. 

నిన్న కొమురమ్మ ఇంటికి పోయిన. అది కష్టమైంది. గడప కాడ నిలవడి, ఆ దినం నేను నీ బాగుకు చెయ్యి లేపలే కొమురమ్మా, పురుషోత్తంకు లేపిన అని చెప్పిన. ఆమె ఎడమచెయ్యితోటి పీట జరిపి కూసోమన్నది.

"నాకెరుకే అయ్యా" అన్నది. "నీ ఎనకనే కూసున్న గదా."

నెల పదిహేను దినాలు ఆమెకు ఎరుకే. చీటీలు పంచేటప్పుడు ఎరుకే. మాలిక్ దేవిడి ముంగట నా పక్కన నిలవడ్డప్పుడు ఎరుకే. ఎవలకూ చెప్పలే. ఎందుకు చెప్పలేదని అడిగిన.

"నేను చెప్తే నీ ఇజ్జత్ పోతది. నువ్వు చెప్తే పోదు" అన్నది. మళ్ల అన్నది, "గాని నాకు చెప్పి ఇంటికి పోవుడు కాదు. అందరి ముంగట చెప్పు. నీ లెక్కనే చేసినోళ్లు ఇంక తొమ్మిది మంది ఉన్నరు, వాళ్లకు గూడ నోరు లేస్తది."

జుమ్మా నాడు లేచి చెప్త. పురుషోత్తం ముంగట, వాహెద్ సాబ్ ముంగట, అక్షరం తప్పకుండ చెప్త. ఆ సంగతి నీకు వేరేటోళ్ల నోటి నుంచి కాదు, నా చేతిరాతల్నే ముందు తెలియాలని ఈ ఉత్తరం. నువ్వు చదివేటప్పటికి ఆ మీటింగ్ అయిపోతదో, ఇంక ఉంటదో. చదివినంక నీకు ఏమనిపిస్తే గదే రాయి, నా మనసు నొస్తదని మాటలు మెత్తగ చెయ్యకు.

ఇట్లు,
నీ మెప్పుకు ఇంక తగని,
తగాలని చూస్తున్న
మీ బాపు
రామలింగయ్య